రెండో గీత పడితే రోగం ఉన్నట్టేనా?

సంపాదకునికి,

ఆపరేషనుకు ముందో, డయాలసిస్‌కు ముందో, గల్ఫ్ మెడికల్‌లోనో ‘హెచ్‌సీవీ రియాక్టివ్’ అని కాగితం వస్తే చాలు, ఆ మనిషికి హెపటైటిస్ సీ (హెచ్‌సీవీ అనే వైరస్‌తో కాలేయానికి వచ్చే జబ్బు) ఉందని తేల్చేస్తున్నారు. ఆపరేషను వాయిదా పడుతుంది. ఇంట్లో కంచం, గ్లాసు వేరు చేస్తారు. (ఇది రక్తం ద్వారా సోకే వైరస్, కంచం వల్ల అంటదు.) నిజానికి ఆ పరీక్ష వెతికేది వైరస్‌ను కాదు, వైరస్ మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను. వైరస్ పోయినా అవి ఏళ్ల తరబడి, చాలామందిలో జీవితాంతం నిలిచిపోతాయి. సోకినవారిలో 100కి 15 నుంచి 45 మందికి ఆరు నెలల్లోపే మందు లేకుండా వైరస్ పోతుంది. వాళ్లకీ, మందులతో నయమైనవాళ్లకీ టెస్టు కార్డు మీద రెండో గీత, అంటే రియాక్టివ్ గుర్తు, పడుతూనే ఉంటుంది. వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందో లేదో చెప్పేది వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, వాడుకలో వైరల్ లోడ్. అది చేయకుండా మొదటి రిపోర్టుతోనే ఇంటికి పంపేయడం దగ్గరే తప్పు జరుగుతోంది.

యాంటీబాడీ పరీక్షలన్నీ ఒకే తూకానివి కావు. కార్డు టెస్టుకు వేలి చుక్క రక్తం చాలు, ఫలితం 20 నిమిషాల్లో వస్తుంది. పల్లె ఆసుపత్రికి అదే అనువు. చెడేది చదవడంలో. ఉదయం వరుసగా పేర్చిన కార్డులను ఓపీ అయ్యాక తీరిగ్గా చూస్తే, ఆరిపోయిన పట్టీ మీద లేత గీత కనబడుతుంది. కిట్ కాగితం మీద రాసిన సమయం దాటిన ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పౌచ్‌ను గది వేడికి రాకముందే చింపితే పట్టీకి చెమ్మ పడుతుంది. ఒక కిట్ బఫర్‌ను (రక్తం చుక్కతో పాటు వేసే ద్రవం) ఇంకో కిట్‌కు వాడినా ఫలితం చెడుతుంది. టెస్టు పనిచేసిందని చూపే కంట్రోల్ గీత రాకపోతే అది నెగెటివ్ కాదు, టెస్టే చెల్లదు.

ప్లేటులో రంగు మార్పుతో యాంటీబాడీలను చూసే ఎలైసా ఒకేసారి పదుల శాంపిళ్లు చేసే బ్లడ్ బ్యాంకులకు పనికొస్తుంది. ప్లేటులోని గుంటలు (వెల్స్) సరిగ్గా కడగకపోతే లేనిచోట రంగు వస్తుంది. పెద్ద ల్యాబుల్లో యాంటీబాడీలను చూసే క్లియా యంత్రం, కటాఫ్‌తో (రియాక్టివ్ అనడానికి పెట్టిన హద్దు) పోల్చిన నిష్పత్తిని అంకెగా ఇస్తుంది. సాధారణంగా 1 దాటితే రియాక్టివ్. కానీ 1.3కూ 18కీ చాలా తేడా ఉంది. తక్కువ అంకెల్లో తప్పుడు రియాక్టివ్‌లు ఎక్కువ. ఎంత దాటితే నమ్మవచ్చన్నది యంత్రాన్ని బట్టి మారుతుంది. అయితే ఆ అంకె వైరల్ లోడ్ కాదు. ‘28 వచ్చింది, వైరస్ బాగా ముదిరిందట’ అని కంగారు పడేవాళ్లకు ఈ ముక్క ఎవరో ఒకరు చెప్పాలి.

ఒక లెక్క చూడండి. 1000 మందిలో 5 మందికి నిజంగా యాంటీబాడీలు ఉన్నాయనుకుందాం. యాంటీబాడీలు లేనివాళ్లలో 100కి 99 మందిని సరిగ్గా నెగెటివ్ అనే మంచి పరీక్షే అయినా, మిగతా 995 మందిలో 10 మందిని పొరపాటున రియాక్టివ్ అంటుంది. అంటే రియాక్టివ్ వచ్చిన 15 మందిలో 10 మందికి యాంటీబాడీలే లేవు!

దీనికి తిరగేసిన పొరపాటూ ఉంది. సోకాక యాంటీబాడీలు బయటపడేందుకు సుమారు 8 నుంచి 11 వారాలు పడుతుంది. ఆర్‌ఎన్‌ఏ ఒకటి రెండు వారాల్లోనే దొరుకుతుంది. సూది గుచ్చుకున్న నర్సుకు నెల తిరక్కుండా కార్డు వేసి ‘ఏమీ లేదు’ అనడం సరికాదు. డయాలసిస్ రోగుల్లో రోగనిరోధక శక్తి తగ్గి, వైరస్ ఉన్నా యాంటీబాడీలు రాకపోవచ్చు. కొత్తగా చేరేవారికి మొదటే ఆర్‌ఎన్‌ఏ చేయాలి. ఆ రక్తం హెపారిన్ (డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఇవ్వకముందే తీయాలి. హెపారిన్ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేసే పీసీఆర్ పద్ధతిని అడ్డుకుంటుంది, వైరస్ ఉన్నా లేనట్టే చూపవచ్చు.

ఆర్‌ఎన్‌ఏకు ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబు వాడాలి. కిట్‌ను బట్టి 6 నుంచి 24 గంటల్లోపు ప్లాస్మా వేరు చేసి చల్లగా పంపాలి. ట్యూబును అలాగే డీప్ ఫ్రీజర్‌లో పెడితే రక్తకణాలు పగిలి శాంపిల్ పాడవుతుంది. టీబీ కోసం జిల్లాల్లో పెట్టిన సీబీనాట్ యంత్రమే, హెచ్‌సీవీ కార్ట్రిడ్జ్ వేస్తే, రెండు గంటల్లోపు వైరల్ లోడ్ చెబుతుంది. కోర్ యాంటిజెన్ పరీక్ష ఇంకో దారి. వైరస్ ప్రోటీన్‌నే పట్టుకుంటుంది, పీసీఆర్ గది అక్కర్లేదు. వైరస్ మిల్లీలీటరుకు సుమారు 3000 ఐయూ (వైరల్ లోడ్ కొలిచే యూనిట్లు) కంటే తక్కువుంటే తప్పిపోవచ్చు. మందు వాడనివారిలో ఎక్కువమందికి లోడు లక్షల్లోనే ఉంటుంది కాబట్టి తప్పేవి కొద్దే.

రిపోర్టులో ‘నాట్ డిటెక్టెడ్’, ‘15 కంటే తక్కువ, డిటెక్టెడ్’ ఒకటి కావు. రెండోదానిలో వైరస్ ఉంది, కొలవలేనంత తక్కువ, అంతే. లోడు 50 వేలైనా 50 లక్షలైనా కాలేయం ఎంత చెడిందో దాన్నిబట్టి చెప్పలేం. ఆ సంగతి ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైములు, ప్లేట్‌లెట్లు, వయసు కలిపి వేసే లెక్కతో అంచనా వేస్తారు. కళ్లు పచ్చబడలేదు, ఏఎల్‌టీ మామూలుగా ఉంది అని ధీమా పడితే కుదరదు. ఇది చాలామందిలో కామెర్లు రాకుండానే కూర్చునే జబ్బు. పసరు మందుకు వెళ్లాల్సిన లక్షణమే కనబడదు.

సోఫోస్బువిర్‌తో డక్లాటాస్విర్ లేదా వెల్‌పటాస్విర్ కలిపి వాడే 12 వారాల చికిత్సకు చాలామందికి జీనోటైప్ (వైరస్ ఏ రకమో చెప్పే పరీక్ష) అక్కర్లేదు, నెలనెలా వైరల్ లోడూ దండగే. మొదట ఒకసారి, మందు ఆపిన 12 వారాలకు ఒకసారి చాలు. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బీ మాత్రం చూడాలి. సీ తగ్గుతుంటే దాగిన బీ లేవొచ్చు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో ఈ పరీక్షలు, మందులు ఉచితం.

ల్యాబులు చేయగలిగింది ఒకటుంది. ఒక్క గుచ్చుతోనే రెండు ట్యూబులు తీసి, మొదటిది రియాక్టివ్ అయితే రెండోదాన్ని ఎవరూ అడగక్కర్లేకుండా ఆర్‌ఎన్‌ఏకు పంపాలి. యాంటీబాడీ యంత్రంలో తిరిగిన ట్యూబునే పంపితే పక్క శాంపిల్ చుక్క అంటుకుని తప్పుడు పాజిటివ్ రావచ్చు, అందుకే రెండోది. అది కుదరనిచోట రిపోర్టు కింద ‘ఇది యాంటీబాడీ పరీక్ష మాత్రమే, ఆర్‌ఎన్‌ఏ చేయించాలి’ అని తెలుగులో ఒక్క వాక్యం అచ్చు వేయండి. నయమైనవారు చివరి ఆర్‌ఎన్‌ఏ కాగితాన్ని పారేయకండి. రేపు ఏ ఆపరేషనుకో వెళ్తే కార్డు మీద గీత మళ్లీ పడుతుంది, అప్పుడు చూపించాల్సింది దాన్నే.

– ఒక మైక్రోబయాలజీ వైద్యుడు, ఖమ్మం