గొర్రె బొమ్మ వేసి అమ్మిన మినరల్ మిక్చర్‌పై ఫిర్యాదు

కళ్యాణదుర్గం మండలం,
అనంతపురం జిల్లా.

కస్టమర్ సర్వీసు మేనేజర్ గారికి,

విషయం: చూడి గొర్రెలకని అమ్మిన మినరల్ మిక్చర్‌లో (మేతలో కలిపే ఖనిజ లవణాల పొడిలో) కాపర్ (రాగి) ఎక్కువై గొర్రెలు చనిపోవడం, బస్తాపై హెచ్చరిక లేకపోవడం గురించి.

అయ్యా,

వినాయక చవితి తర్వాత మీ కంపెనీ మినరల్ మిక్చర్ 25 కిలోల బస్తాలు రెండు కళ్యాణదుర్గంలో పశువుల మందుల దుకాణంలో కొన్నాం. బస్తా ముందు వైపు ఆవు, గేదె, మేక, గొర్రె బొమ్మలున్నాయి. వాటి కింద "చూడి జీవాలకు బలం, పిల్లలకు నిండుగా పాలు" అని తెలుగులో పెద్ద అక్షరాలు. వెనక వైపు మాత్రం అంతా ఇంగ్లీషే, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో. మేకలకు, గొర్రెలకు రోజుకు 20 గ్రాములు, చూడివాటికి, పాలిచ్చేవాటికి 30 గ్రాములు అని అక్కడ రాశారు. మా నాయనకు చదువు రాదు. నేను చదివి చెబితే ఆ లెక్క ప్రకారమే తూకం వేసి, ఉడికించిన ఉలవల్లో కలిపి, చూడి గొర్రెలను మంద నుంచి విడదీసి పెడుతూ వచ్చారు.

కార్తీకంలో ఈతలు మొదలయ్యాయి. ఒక గొర్రె మేత మానేసి దొడ్డి మూలన తల వంచుకుని నిలబడిపోయింది. కంటి రెప్ప తిప్పి చూస్తే లోపలంతా పసుపు పచ్చగా ఉంది. మూత్రం ముదురు ఎరుపులో పడింది. మర్నాటికి చనిపోయింది. ఆ వారంలోనే ఇంకో మూడు అలాగే పోయాయి. వాటిలో రెండింటి కడుపులో పిల్లలున్నాయి. పశువుల డాక్టరు గారు పోస్టుమార్టం చేసి, పసుపు రంగుకు తిరిగిన కాలేయం, నల్లబడిన మూత్రపిండాలు మాకు చూపించారు. ఏం పెడుతున్నారని అడిగి, బస్తా తెప్పించుకుని వెనక వైపు చదివారు. కాపర్ విషమని రిపోర్టులో రాసిచ్చారు. మిగిలిన గొర్రెలకు కాపర్ విషానికి విరుగుడుగా అమ్మోనియం మాలిబ్డేట్, సోడియం సల్ఫేట్ తాగించాక అవి నిలబడ్డాయి.

మీ బస్తా మీద మీరే అచ్చు వేసిన అంకె ఇది: కిలో మిశ్రమంలో కాపర్ 1,000 మిల్లీగ్రాములు, కాపర్ సల్ఫేట్ రూపంలో. 30 గ్రాములు పెడితే 30 మిల్లీగ్రాముల కాపర్ గొర్రె కడుపులోకి పోతుంది. మా గొర్రె ఒక రోజులో తినే ఎండుమేత, దాణా అంతా కలిపినా కిలో, మహా అయితే కిలోంబావు. గొర్రెకు కిలో మేతకు 10 మిల్లీగ్రాముల కాపర్ సరిపోతుంది, 25 దాటిందంటే ప్రమాదం. మేతలో ఎలాగూ ఉండే కాపర్‌ను లెక్కలోకి తీసుకోకుండానే మీ మిక్చర్ ఒక్కటే కిలో మేతకు 24 నుంచి 30 మిల్లీగ్రాములు చేర్చింది, అంటే ఆ హద్దు దాకా వచ్చినట్టే. ఆవు ఎక్కువైన కాపర్‌ను పైత్యరసం ద్వారా చాలావరకు బయటికి పంపేయగలదు, గొర్రె పంపలేదు. అది వారాల తరబడి కాలేయంలో పేరుకుంటుంది, పైకి ఏ జబ్బూ కనపడదు. ఈత లాంటి ఒత్తిడి రాగానే ఒక్కసారిగా రక్తంలోకి దిగి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. పశువుల డాక్టర్లందరికీ తెలిసిన ఈ విషయం మిక్చర్ తయారుచేసే మీకు తెలియదంటే నేను నమ్మను.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "మా ప్రొడక్టు ఐఎస్ 1664 ప్రకారమే ఉంది సార్, ఆవుల రైతులు ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు" అన్నారు. ఐఎస్ 1664 అనేది ఆవులు, గేదెల దాణాలో కలిపే మినరల్ మిక్చర్ కోసం పెట్టిన భారత ప్రమాణం. గొర్రె బొమ్మ వేసి అమ్మిన సరుకుకు దాన్ని చూపించడం జవాబు ఎలా అవుతుంది? పైగా ఆ ప్రమాణమే ఫ్లోరిన్‌కు గరిష్ఠ పరిమితి పెట్టింది. మా జిల్లాలో ఎన్నో ఊళ్ల బోరు నీళ్లలో ఇప్పటికే ఫ్లోరైడ్ ఎక్కువ. మీ బస్తా మీద ఫ్లోరిన్ అంకే లేదు.

మినరల్ మిక్చర్ దండగ అని నేను అనడం లేదు. కడుపులో పిల్ల పెరుగుదల చాలావరకు చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. వానలు లేని ఏడాది మా బీళ్లలో పచ్చిక ఉండదు, వేరుశనగ కట్టె, జొన్న చొప్పతో నెట్టుకు రావాలి. విటమిన్ ఎ అందదు. అయోడిన్ తక్కువైతే పిల్లలు గొంతు వాపుతో, బలం లేకుండా పుడతాయి. సెలీనియం, విటమిన్ ఇ చాలకపోతే పిల్ల కాళ్లు బిగుసుకుని లేవలేదు. ఈనాక పాలకు కాల్షియం కావాలి. ఇవన్నీ తెలిసే, అప్పు తెచ్చి మరీ మీ బస్తాలు కొన్నాం. ఇలాంటి ఇళ్లు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అదే బ్యాచ్ బస్తాలు ఇంకా దుకాణంలో ఉన్నాయి, నాకు ఎక్కువ టెన్షన్ దాని గురించే.

కాబట్టి ముందుగా ఆ బస్తాలను దుకాణాల నుంచి వెనక్కి తెప్పించండి. బస్తా మీద గొర్రె బొమ్మ తీసేయండి, "గొర్రెలకు పెట్టకూడదు" అని తెలుగులో, ముందు వైపు, కనపడేలా వేయండి. గొర్రెలకు అమ్మాలనుకుంటే కాపర్ కలపని మిశ్రమం వేరుగా చేసి, మోతాదు తెలుగులో రాసి అమ్మండి. మాకు చనిపోయిన నాలుగు గొర్రెల విలువ, బస్తాల ధర, వైద్యం ఖర్చు చెల్లించండి. చూడి గొర్రె సంతలో ఎంత పలుకుతుందో మీ డీలరును అడిగినా చెబుతాడు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకుంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. సరైన హెచ్చరిక, సూచనలు లేకుండా సరుకు అమ్మి నష్టం కలిగిస్తే తయారీదారుదే బాధ్యత అని ఆ చట్టంలో ఉంది. బిల్లు, బ్యాచ్ నంబరు కనపడేలా తీసిన బస్తా ఫొటోలు, పోస్టుమార్టం రిపోర్టు జతచేశాను. ఒక బస్తాలో మిగిలిన మిక్చర్‌ను మూతి కట్టి అలాగే ఉంచాం. మీ మనిషిని పంపితే డాక్టరు గారి ఎదుట శాంపిల్ తీసుకోవచ్చు.

ఇట్లు,
గొర్రెల పెంపకందారు కుటుంబం నుంచి