ఖాళీ హాల్లో పాడిన పాట

సంపాదకులకు నమస్కారం.

ఇరాన్ పేరు మన పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. యుద్ధం, చమురు ధర, అణు కార్యక్రమం, ఎక్కువగా ఇవే. ఆ వార్తలు అక్కర్లేదని నేననను. కానీ ఆ దేశంలో పాడేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, సినిమాలు తీసేవాళ్లు కూడా ఉన్నారని, వాళ్లలో చాలామంది దేశం విడిచి బతకాల్సి వస్తోందని మన పాఠకులకు ఎలా తెలుస్తుంది? న్యూయార్క్‌లో ఉంటున్న ఇరాన్ కళాకారిణి షిరిన్ నెషాత్ గురించి ఒక మంచి వ్యాసం వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను సంగీతం టీచర్ని. ఆవిడ నాకు పరిచయమైంది ‘టర్బ్యులెంట్’ అనే వీడియోతో. 1998లో తీసింది. నలుపు తెలుపు, పది నిమిషాలు ఉంటుంది. గ్యాలరీలో దాన్ని ఎదురెదురుగా రెండు తెరల మీద వేస్తారు, మనం మధ్యలో నిలబడి అటూ ఇటూ చూడాలి. ఒక తెర మీద తెల్లచొక్కా గాయకుడు. అతని వెనక హాలు నిండా మగవాళ్లే, వాళ్లవీ తెల్లచొక్కాలే. అతను పాతకాలపు పర్షియన్ కవి రూమీ రాసిన ప్రేమ కవిత పాడతాడు, చప్పట్లు మోగుతాయి. అంతసేపూ రెండో తెర మీద తలనుంచి కాళ్లదాకా కప్పే నల్లటి చాదర్‌లో ఒకావిడ మనవైపు వీపు పెట్టి నిలబడే ఉంటుంది. ఆమె ముందు కుర్చీలన్నీ ఖాళీ. అతని పాట అయ్యాక ఆమె అందుకుంటుంది. మాటలుండవు. ఊపిరి, మూలుగు, గొంతులోంచి తన్నుకొచ్చే కేక, మళ్లీ సన్నటి రాగం. కెమెరా ఆమె చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఎదుటి తెర మీద ఆ గాయకుడు కదలకుండా వింటూ ఉండిపోతాడు. ఆ గొంతు సూసన్ దేయ్‌హిమ్‌ది, ఆవిడ కూడా ఇరాన్ వదిలి వచ్చిన కళాకారిణే.

నా దగ్గర నేర్చుకునే పిల్లలకు దీన్ని ఫోన్‌లో చూపించాను. “ఎవరూ లేనిచోట ఎందుకు పాడుతోంది టీచర్?” అని ఎనిమిదో క్లాసు పిల్ల అడిగింది. 1979 విప్లవం తర్వాత ఇరాన్‌లో మగవాళ్లున్న సభలో ఆడమనిషి ఒక్కతే పాడకూడదు. కోరస్‌లో అయితే సరే, వినేవాళ్లంతా ఆడవాళ్లే అయితే సరే. అది చెప్పాక ఆ పిల్ల వీడియో మళ్లీ మొదటినుంచి పెట్టించుకుంది. మనకూ ఇది మరీ దూరపు సంగతేం కాదు. తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనలో ఆడవాళ్లు పాడటం కోసం బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఎంత పోరాడారో సంగీతం తెలిసినవాళ్లకు తెలుసు.

నెషాత్ 1957లో కజ్విన్‌లో పుట్టారు. 17 ఏళ్లకు చదువు కోసం అమెరికా వెళ్లారు. ఆవిడ అక్కడ ఉండగానే విప్లవం, ఆ వెంటనే ఇరాక్‌తో ఎనిమిదేళ్ల యుద్ధం. బర్క్‌లీలో ఆర్ట్ చదివినా తర్వాత పదేళ్లపాటు చెప్పుకోదగ్గ కళాకృతేదీ చేయలేదు. 1990లో ఇరాన్ వెళ్లి చూసేసరికి తనకు తెలిసిన దేశం కాదది. ‘విమెన్ ఆఫ్ అల్లా’ ఫొటోలు అక్కడినుంచి పుట్టాయి. చాదర్‌లో ఉన్న స్త్రీ, పక్కనే తుపాకీ, ముఖం మీద, అరచేతుల మీద పర్షియన్ అక్షరాలు. అవి ఖురాన్ వాక్యాలని పొరపడేవాళ్లున్నారు. అందులో ఉన్నది ఫొరూగ్ ఫరోఖ్‌జాద్ లాంటి ఇరాన్ కవయిత్రుల కవిత్వం. 1996 తర్వాత ఆవిడ మళ్లీ ఇరాన్‌లో అడుగుపెట్టలేదు. 1999లో ఇటలీలోని వెనిస్‌లో జరిగే పెద్ద కళా ప్రదర్శన, వెనిస్ బినాలేలో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. పదేళ్లకు అదే ఊళ్లో, సినిమా పండుగలో, ‘విమెన్ వితౌట్ మెన్’కు ఉత్తమ దర్శకత్వానికి సిల్వర్ లయన్ అందుకున్నారు. 1953 నాటి టెహ్రాన్ కథ అది, తీసింది మాత్రం మొరాకోలో. సొంత దేశపు వీధుల్ని పరాయి దేశంలో సెట్ వేసుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. 2017లో సాల్జ్‌బర్గ్‌లో ఒపేరాకు కూడా దర్శకత్వం వహించారు.

దూరంగా కూర్చుని పడమటి దేశాలవాళ్లకు నచ్చే ఇరాన్‌నే చూపిస్తోందన్న విమర్శ ఆవిడ మీద ఉంది. వ్యాసంలో దాన్నీ రాయించండి. నా మట్టుకు నేను ఆ విమర్శను పూర్తిగా ఒప్పుకోలేను, ఎందుకంటే ఆ ఖాళీ హాలు ఇంకా ఖాళీగానే ఉంది. 2024 డిసెంబర్‌లో పరస్తూ అహ్మదీ అనే 27 ఏళ్ల గాయని ఇరాన్‌లో ఒక పాత కారవాన్‌సరాయ్‌లో (బాటసారుల సత్రంలో), తలమీద ముసుగు లేకుండా, ఎదురుగా ఒక్క శ్రోత లేకుండా కచేరీ చేసింది. దాన్ని యూట్యూబ్‌లో పెట్టింది. కేసు పెట్టారు, అరెస్టు చేశారు, తర్వాత వదిలారు. నెషాత్ ‘టర్బ్యులెంట్’ తీసి అప్పటికి 26 ఏళ్లు. ఇలాంటి వార్తకు ఏ మూలో నాలుగు లైన్లు కాకుండా ఇంకాస్త చోటు ఇవ్వండి.

ఆదివారం అనుబంధంలో ఒక పేజీ చాలు. నెషాత్ ఫొటో వేసేటప్పుడు ఆ ముఖం మీద రాసి ఉన్న కవిత అర్థం కూడా కింద తెలుగులో వేయించండి. అమెరికాలో, యూరప్‌లో ఆ ఫొటోల ముందు నిలబడ్డవాళ్లలో చాలామందికి ఆ అక్షరాలు వట్టి అలంకారంలాగే కనిపించి ఉంటాయి. మన పాఠకులకు అలా కానక్కర్లేదు. ఉస్మానియా యూనివర్సిటీలో పర్షియన్ డిపార్ట్‌మెంట్ ఉంది, అడిగితే అర్థం చెప్పేవాళ్లు దొరుకుతారు.

– ఒక సంగీత ఉపాధ్యాయిని, తెనాలి