విపత్తు ఉత్తర్వులకూ గడువు ఉండాలి

సంపాదకులకు,

రాజ్యాంగంలోని 352వ అధికరణ కింద అత్యవసర పరిస్థితి విధించాలంటే మంత్రివర్గం రాతపూర్వకంగా సిఫార్సు చేయాలని, నెలలోగా పార్లమెంటు ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలని, ఆపై ఆరు నెలలకోసారి మళ్లీ అనుమతి పొందాలని, నేరారోపణల విషయంలో రక్షణకు, ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు హామీ ఇచ్చే 20, 21 అధికరణల జోలికి మాత్రం పోరాదని 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ కట్టుదిట్టం చేసింది. 1975 నాటి ఎమర్జెన్సీ నేర్పిన జాగ్రత్త అది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ పేరిట దేశమంతటినీ ఇళ్లలో కూర్చోబెట్టడానికి మాత్రం ప్రభుత్వం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టాన్ని ఎంచుకుంది. ఆ చట్టం కింద ఇచ్చే ఆదేశాలకు చట్టసభ ఆమోదం అక్కర్లేదు, చట్టం విధించిన గడువూ లేదు. కనుకనే అవి 2022 మార్చి ఆఖరు దాకా ఏదో ఒక రూపంలో కొనసాగాయి. హైదరాబాద్ పోలీసులు ఇచ్చిన అనుమతి పత్రాలు పట్టుకుని సొంతూళ్లకు బయల్దేరిన హాస్టల్ విద్యార్థులు, ఉద్యోగులు తెలంగాణ–ఆంధ్రప్రదేశ్ సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి పడిగాపులు పడిన సంగతి మీ పాఠకులు మరిచి ఉండరు. మహమ్మారిని అడ్డుకోవడం అవసరమే, అందులో పేచీ లేదు. అయితే ప్రజల రాకపోకలను నియంత్రించే ఏ ఆదేశమైనా 30 రోజుల్లోగా చట్టసభ ఆమోదం పొందకపోతే దానంతటదే రద్దయ్యేలా ఆ చట్టాన్ని సవరించాలి. ఇందుకు ఉభయ తెలుగు రాష్ట్రాల ఎంపీలు, పార్టీలకు అతీతంగా, ప్రైవేటు మెంబరు బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లు) ప్రతిపాదించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కోదాడ