నాకు జ్వరం లేదమ్మా

అమ్మకు,

మొన్న ఫోనులో నేను ఇంట్లోనే స్వెటర్ వేసుకుని కనిపించానని, నాకు ఒంట్లో బాగాలేదని నాన్నతో అన్నావట. చెల్లి చెప్పింది. నాకు జ్వరం లేదమ్మా. అప్పుడు నేను కూర్చున్నది చించిల్లాల గదిలో. జనం పెంచలేక వదిలేస్తే నేను తెచ్చుకుని చూసుకుంటున్నానే, ఎలుక జాతికి చెందిన ఆ బొచ్చు జీవులు. వేడి 25 డిగ్రీలు దాటితే వాటికి వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. అందుకే ఆ గదిని ఏడాది పొడవునా 18 దగ్గర ఉంచుతాను. వాటి చర్మంలో ఒక్కో రంధ్రం నుంచి 60కి పైగా వెంట్రుకలు మొలుస్తాయి. ఆ బొచ్చు అవి విప్పుకోలేవు కదా, స్వెటర్ నేనే వేసుకుంటాను.

నా తుమ్ములు కూడా జలుబు వల్ల కాదు. చించిల్లాలకు నీళ్లు పోయకూడదు, అంత దట్టమైన బొచ్చు లోపల తడి ఆరదు. మెత్తని పొడి గిన్నెలో పోసి పెడితే అవే దొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటాయి. సాయంత్రం దీపం తగ్గించి గిన్నెలు పెడతాను. ఒకటి దిగి గిరగిరా దొర్లుతుంటే పక్క పంజరంలోది తన వంతు కోసం కడ్డీలు పట్టుకుని నిలబడుతుంది. గది అంతా తెల్లటి దుమ్ము. పగలంతా ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడని రోజు కూడా ఆ పావుగంట కూర్చుంటే నాకు నిద్ర పడుతుంది. ఒక్కదాన్నే ఎలా ఉంటున్నావని అడుగుతావు చూడు, ఇలా ఉంటున్నాను.

ఉద్యోగం బాగానే సాగుతోంది. జీతం వేళకు వస్తోంది.

నాన్న ఇంకా ‘ఆ ఎలుకలు’ అనే అంటున్నారా? ఈ నాలుగు మాటలు ఆయనకు చదివి వినిపించు. ఇవి దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల చలిలో, రాళ్ల సందుల్లో గుంపులుగా బతికే జీవులు. మెత్తని బొచ్చు కోసం వీటిని వేటాడారు; ఒక పెద్ద కోటు కుట్టాలంటే వంద తోళ్లకు పైగా కావాలి. చిలీ, పెరూ, బొలీవియా, అర్జెంటీనా కలిసి 1910లో వేటను ఆపాలని ఒప్పందం చేసుకునేసరికే అడవిలో మిగిలినవి కొద్ది. 1923లో చాప్‌మన్ అనే గనుల ఇంజనీరు చిలీ నుంచి పదకొండింటిని ఓడలో అమెరికాకు తీసుకువెళ్లాడు, అదీ బొచ్చు కోసమే. ఇళ్లలో పెరిగేవాటిలో చాలావరకు ఆ పదకొండింటి సంతతే అంటారు. తోలు కోసం పెంచిన ప్రాణి చివరికి పిల్లల పుట్టినరోజు కానుక అయింది. ఇది పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుందని కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు. అడిగిన బిడ్డ పెద్దదై చదువుకు వెళ్లిపోతుంది, పంజరం ఆ ఇంట్లోనే మిగిలిపోతుంది. మొదట్లో అలా తెచ్చి వదిలేవాళ్ల మీద నాకు కోపం వచ్చేది. పోయిన నెల ఒక తల్లి పంజరం దింపి, తలుపు దగ్గరే నిలబడి ఏడ్చింది. అప్పటి నుంచి ఎవరినీ ఏమీ అనడం లేదు. ఏం తింటుంది, ఎప్పుడు నిద్రపోతుంది, దేనికి బెదురుతుంది అని అడిగి రాసుకుంటాను.

ఇప్పుడు తొమ్మిది చించిల్లాలు, రెండు కుందేళ్లు, ఒక హామ్‌స్టర్. గినీపందులు రెండూ ఆడవేనని చెప్పి ఇచ్చారు, ఇప్పుడు అయిదున్నాయి. మగపిల్లలను మూడు వారాలకే తల్లి నుంచి విడదీశాను. లేకపోతే ఈ లెక్కకు అంతుండదు.

డబ్బు సంగతి అన్నయ్య అడిగాడు, అడగమన్నది నువ్వేనని నాకు తెలుసు. ఇంటికి పంపేది ఒక్క నెల కూడా తగ్గించలేదు, తగ్గించను. కొత్త బట్టలు కొనుక్కోవడం లేదు, నిజమే. నాకు వాటి మీద ఆశ లేదు. దీన్ని త్యాగమని అనవద్దు, బాధ పడవద్దు.

ఒక్కటి మాత్రం దాచాను. నా మణికట్టు మీద మచ్చ చూసి కాలిందా అని అడిగితే అవునన్నాను. అది తామర. కొత్తగా వచ్చిన కుందేలు నుంచి అంటింది. మందు రాశాను, తగ్గిపోయింది. ఇప్పుడు కొత్తవాటిని వేరే గదిలో నాలుగు వారాలు ఉంచుతున్నాను, అక్కడికి వేసుకెళ్లే బట్టలు కూడా వేరు.

అమ్మా, నా చించిల్లా భీముడు పోయాడు. గురువారానికి వారం. ఫోనులో చెప్పబోయి రెండుసార్లు ఆగాను, పక్కన అందరూ ఉన్నారు.

వీటి పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఎండుగడ్డి నమిలి నమిలి అరగదీసుకోవాలి. వాడికి ముందున్న ఇంట్లో గడ్డి సరిగా పెట్టినట్టు లేదు. మొదట కంట్లో నీరు కారింది. తర్వాత గడ్డం కింద తడి. రోజూ కాటా మీద పెట్టేదాన్ని: 560 గ్రాములు, 520, 480. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూపించింది. పై పళ్ల వేళ్లు కంటి వైపు పెరిగిపోయాయి. పైకి కనిపించే పన్ను అరగదీయవచ్చు కానీ వేరును వెనక్కి తేలేమంది. కడుపు ఖాళీగా ఉంటే వీటి పేగులు ఆగిపోతాయి, అందుకని గడ్డిపొడి కలిపి సిరంజితో మూడు గంటలకొకసారి పట్టాను, రాత్రులు కూడా. పదకొండు రోజులు. చివరి రెండు రోజులు సిరంజి చూస్తే తల అవతలికి తిప్పుకున్నాడు. 430 దగ్గర, బాధ లేకుండా ప్రాణం పోయే సూది వేయించాను. నా ఒళ్లోనే పోయాడు.

ఆ తల తిప్పడం చూసినప్పటి నుంచి నువ్వే గుర్తొస్తున్నావు. నాయనమ్మ చివరి వారంలో అలాగే నోరు బిగించింది. నువ్వు చెంచా గిన్నెలో పెట్టేసి, చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. అత్తయ్యలు అన్న మాటలన్నీ నాకు వినిపించాయి. వాళ్లే కాదు, ఇంకొక్క చెంచా పెట్టమ్మా, ఎందుకు ఆపావు అని నేను కూడా నీ మీద అరిచాను. నాకు పన్నెండేళ్లు. నువ్వు ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. చెంచా దింపడానికి ఎంత గుండె కావాలో నాకు అప్పుడు తెలియలేదమ్మా. నన్ను క్షమించు.

చెల్లి పెళ్లికి మూడు వారాలు ఉండేలా వస్తున్నాను. ఇక్కడ చూసుకోవడానికి ఇద్దరు ఒప్పుకున్నారు, ఏ పంజరంలో ఏది ఎంత తింటుందో పుస్తకంలో రాసి పెడుతున్నాను. నాన్న కంటి ఆపరేషన్ పెళ్లికి ముందా, తర్వాతా? తేదీ చెల్లి చేత రాయించు. తర్వాతైతే నేను ఆసుపత్రిలో ఉంటాను, నువ్వు అక్కడ కుర్చీలో పడుకోవద్దు.

తలుపు దగ్గర ఏడ్చిన ఆ తల్లి వదిలి వెళ్లిన చించిల్లా మొన్నటి నుంచి మళ్లీ సరిగా తినడం లేదు. ఇప్పుడే ఎండుగడ్డి నమిలే చప్పుడు వినిపించింది. లేచి చూడాలి.

నీ పెద్దమ్మాయి