ఆ రాత్రంతా లైన్లో ఉన్న రాయదుర్గం అన్నకు కృతజ్ఞతలు

టెస్ట్ ఇప్పుడే అయిపోయింది. పదింటికి మొదలై పన్నెండున్నరకు ముగిసింది, మధ్యలో ఒక్కసారి కూడా సర్వర్ పడిపోలేదు. రాత్రంతా నిద్ర లేదు, చేతులు ఇంకా వణుకుతున్నాయి, అయినా పడుకునే ముందు ఇది రాయకపోతే మనసు ఊరుకోదు. అక్షరాలు అటూ ఇటూ అయితే ఏమనుకోవద్దండి.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. అనంతపురం నుంచి మేము డీఎస్సీ, గ్రూప్స్ రాసే పిల్లలకు ఆన్‌లైన్ మాక్ టెస్టులు పెడతాం. టౌన్లో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునే స్తోమత లేని వాళ్ళు ఉరవకొండ, గుత్తి, కళ్యాణదుర్గం పక్క పల్లెల నుంచి ఫోన్లోనే రాస్తారు. మాది 4 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్, అంటే నెట్‌లో అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్. పిల్లలు టెస్ట్ రాసే జావా అప్లికేషన్, మేము పేపర్లు ఎక్కించే అడ్మిన్ అప్లికేషన్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్, అన్నీ దాంట్లోనే. వారమంతా బాగానే ఉంటుంది, ఆదివారం పదింటికి అందరూ ఒకేసారి లాగిన్ అయ్యేసరికి సైట్ పోతుంది. ఒకసారి అప్లికేషన్ పోతుంది, ఒకసారి డేటాబేస్ పోతుంది, అప్లికేషన్ తన పని రాసుకునే లాగ్ చూస్తే ఒక్క ఎర్రర్ కూడా ఉండదు, మధ్యలో కోసేసినట్టు ఆగిపోయి ఉంటుంది. పోయిన ఆదివారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది, శెనక్కాయ పీకే కూలి మానుకుని టెస్ట్‌కి కూర్చుందంట, అన్నీ పెట్టినాక సబ్మిట్ కాలేదు మేడం అని ఏడ్చేసింది. ఆ గొంతు వారమంతా నా చెవుల్లోనే ఉంది.

నిన్న రాత్రి ఏమీ పాలుపోక ఒక టెలిగ్రామ్ గ్రూప్‌లో అంతా రాసి పెట్టా. కాసేపటికి ఒకాయన, "మాది రాయదుర్గం అమ్మా, బెంగళూరులో నైట్ షిఫ్ట్‌లో ఉన్నా, కాల్ చేయొచ్చా" అని మెసేజ్ పెట్టారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. నేను హడావుడిగా పాస్‌వర్డ్ పంపబోతే ఆపేశారు. "ఎవరికీ ఇవ్వొద్దు తల్లీ, నాక్కూడా. నేను చెప్తా, నువ్వే టైప్ చేయి, నిదానంగా" అన్నారు.

ముందు డీమెసేజ్ (dmesg) అనే కమాండ్ కొట్టించి, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ రాసుకున్న లాగ్‌లో ఆదివారం పది దాటిన టైమ్‌కి ఏముందో చూడమన్నారు. అక్కడుంది. ఔట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్, జావా. కొంచెం పైకి పోతే మైఎస్‌క్యూఎల్. ర్యామ్ అయిపోతే కెర్నల్ తానే ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ని ఎంచుకుని చంపేస్తుందంట, అప్లికేషన్‌కి చివరి లైన్ రాసుకునే అవకాశం కూడా ఉండదంట, అందుకే మా లాగ్‌లో ఏమీ లేదు. ఇన్ని రోజులు సపోర్ట్ వాళ్ళని అడుగుతూనే ఉన్నా, ఒక్కరంటే ఒక్కరు ఈ లాగ్ చూడండి అని చెప్పలేదు.

తర్వాత పెన్నూ పేపర్ తీసుకోమన్నారు. ఇంతకుముందు సెటప్ చేసిచ్చిన వాళ్ళు టెస్ట్ అప్లికేషన్‌కి హీప్, అంటే జావా తన డేటా పెట్టుకునే మెమరీ, 2 జీబీ, మైఎస్‌క్యూఎల్ తన డేటాను ర్యామ్‌లో పెట్టుకునే బఫర్ పూల్ 2 జీబీ పెట్టిపోయారు. అడ్మిన్‌కి ఏమీ పెట్టలేదు, పెట్టకపోతే జావా ఉన్న ర్యామ్‌లో నాలుగో వంతు దాకా తీసుకోవచ్చు అనుకుంటుంది, అంటే ఇంకో 1 జీబీ. హీప్ అంటే జావా వాడే మొత్తం కాదు, థ్రెడ్‌లకి (ఒకేసారి వచ్చే పనులు చేసే పనివాళ్ళ లాంటివి), క్లాసులకి (ప్రోగ్రామ్ కోడ్) బయట వేరేగా కావాలి, అప్లికేషన్‌ని నడిపే టామ్‌క్యాట్ మామూలుగా 200 థ్రెడ్‌ల వరకు పోతుంది. వారమంతా ఎవరూ ఉండరు కాబట్టి ఏదీ తన హద్దు దాకా పెరగదు, ఆదివారం అన్నీ ఒకేసారి పెరుగుతాయి. "నాలుగెకరాలకే నీళ్ళొచ్చే బోరు మీద ఆరెకరాల మడి కట్టినారమ్మా" అన్నారు. అనంతపురం వాళ్ళకు ఇంకా వివరంగా చెప్పాలా!

అప్పుడు పంచుకుంటూ వచ్చాం. టెస్ట్ అప్లికేషన్‌కి 1200 ఎంబీ, అడ్మిన్‌కి 384, బఫర్ పూల్ 768, బయట ఖర్చు విడిగా లెక్కేసి, మిగిలింది సిస్టమ్‌కి వదిలేయించారు. థ్రెడ్‌లు, డేటాబేస్ కనెక్షన్‌లు తగ్గించారు. తగ్గిస్తే పిల్లలు బయటే ఆగిపోతారేమో అని నాకు భయం, "ఒక సెకను ఆగి లోపలికి వస్తారు తల్లీ, అందరూ కలిసి పడిపోవడం కన్నా అది మేలు కదా" అన్నారు. ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌ని వాడుకునే స్వాప్ అసలు లేదు, 2 జీబీ ఫైల్ చేయించారు, సిస్టమ్ ఎంత తొందరగా స్వాప్‌లోకి పోవాలో చెప్పే స్వాపీనెస్ 60 నుంచి 10కి తెచ్చారు. కానీ స్వాప్ ఉంది కదా అని హీప్ పెంచొద్దు అని గట్టిగా చెప్పారు, హీప్ స్వాప్‌లోకి పోతే జావా అక్కర్లేని మెమరీని ఖాళీ చేసుకునే గార్బేజ్ కలెక్షన్ నత్తనడక నడుస్తుందంట. ఇంకోటి, నాకు బాగా నచ్చింది, ఆల్వేస్ ప్రీ టచ్ అని ఒక ఆప్షన్, హీప్ కనీసం, గరిష్ఠం రెండూ ఒకటే పెట్టి ఇది పెడితే జావా మొదలైనప్పుడే ఆ మెమరీ అంతా చేతిలోకి తీసుకుంటుంది. చాలకపోతే రాత్రే తెలిసిపోవాలి, పిల్లలు రాసేటప్పుడు కాదు అన్నారు.

ఈ మధ్యలోనే మా పాప లేచింది. రెండ్రోజులుగా జ్వరం, మా ఆయన ఎత్తుకున్నా ఊరుకోవట్లేదు. నేను ఫోన్ మ్యూట్‌లో పెట్టడం మర్చిపోయా. కట్ చేసేస్తారేమో, రేపు మాట్లాడదాం అంటారేమో అని గుండె జారిపోయింది. ఆయన ఒక్క నిమిషం ఏమీ అనలేదు. తర్వాత "పోయి బిడ్డను చూసుకోమ్మా, పాలు పట్టి పడుకోబెట్టి రా. నేను ఎక్కడికీ పోను, లైన్లోనే ఉంటా" అన్నారు. నేను తిరిగొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకునేసరికి కీబోర్డ్ చప్పుడు వినిపిస్తోంది. ఈలోపు తన లాప్‌టాప్‌లో జేమీటర్ స్క్రిప్ట్ రాస్తున్నారు, ఒకేసారి వందల లాగిన్‌లు మా సర్వర్ మీదికి పంపి చూడటానికి. "జ్వరం తగ్గిందా" అనే ముందు అడిగారు, సర్వర్ గురించి తర్వాత. నాకు ఇంక మాట రాలేదు. ఎవరో తెలీదు, మొహం చూడలేదు, ఇప్పటికీ చూడలేదు.

తెల్లారుజామున ఆ లోడ్ పంపుతూ మెమరీ ఎంతుందో చూపించే ఫ్రీ కమాండ్‌లో అవైలబుల్ కాలమ్ ఒక్కటే చూడమన్నారు. పక్కన ఫ్రీ అనే కాలమ్ తక్కువగా ఉంటే భయపడొద్దు, లినక్స్ ఖాళీ ర్యామ్‌ని ఫైళ్ళ కోసం వాడుకుని అవసరమైనప్పుడు ఇచ్చేస్తుంది అన్నారు. అంకె కిందికి పోయింది, ఒక దగ్గర ఆగింది, మళ్ళీ కదల్లేదు.

డబ్బులు పంపుతా అంటే ఒప్పుకోలేదు. "మా తమ్ముడు కూడా డీఎస్సీ రాసినాడమ్మా" అన్నారు, అంతే. అన్నా, మీకు ఓళిగలు పంపిస్తా, అది మాత్రం కాదనొద్దు.

మా ఆయన, అత్తమ్మ, తమ్ముడు అందరూ తోడున్నారు, వాళ్ళకు వేరేగా చెప్పేదేముంది.

ఒక్క మాట అనకుండా ఉండలేను. మాకు వీపీఎస్ ఇచ్చిన వాళ్ళకు ఎన్ని టికెట్లు పెట్టినా ఒకటే జవాబు, ర్యామ్ చాలట్లేదు, 8 జీబీ ప్లాన్‌కు మారండి. రెట్టింపు డబ్బు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మారినా ఆ సెట్టింగులే ఉంటే ఎక్కడ తింటోందో మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఇక్కడ ఇంజినీరింగ్ కాలేజీలకు తక్కువేమీ లేదు, కానీ ఈ పని తెలిసిన వాళ్ళంతా బెంగళూరు బస్సెక్కేస్తారు, ఊళ్ళో అడుగుదామంటే మనిషి దొరకడు. వాళ్ళను అనట్లేదు, ఇక్కడ జీతం ఎవరిస్తారు. కానీ అర్ధరాత్రి నాలాంటి వాళ్ళు ఎవరిని అడగాలి?

అయ్యో, మర్చిపోయా. పోయిన ఆదివారం ఎర్రర్ వచ్చిన స్క్రీన్‌షాట్ టైమ్‌తో సహా పంపిన గుత్తి అబ్బాయి, ఆ టైమ్ వల్లే కెర్నల్ లాగ్‌లో లైన్ దొరికింది, థాంక్స్ నాన్నా. కరెంట్ పోయినప్పుడు ఇన్వర్టర్ లైన్ ఇచ్చిన పైఇంటి ఆంటీ. డేటాబేస్ బ్యాకప్ తీసిపెట్టిన మా జూనియర్. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తెచ్చిపెట్టి డబ్బులు తర్వాత ఇవ్వండక్కా అన్న సప్తగిరి సర్కిల్ బండి తమ్ముడు. ఇంకా ఎవరినైనా వదిలేస్తే క్షమించండి, కళ్ళు మూతలు పడుతున్నాయి.

పోయిన ఆదివారం సబ్మిట్ కాని వాళ్ళందరికీ అదే పేపర్ బుధవారం పదింటికి మళ్ళీ పెడుతున్నాం. లాగిన్ పాతదే, ఫీజు ఏమీ లేదు.