ప్రతిభ గల పిల్లల గురువులకు శిక్షణ ఏది?

సంపాదకునికి,

నవోదయ ప్రవేశ పరీక్ష, ఎనిమిదో తరగతి వారి జాతీయ ఉపకారవేతన పరీక్ష దగ్గరపడితేనే మా శ్రీకాకుళం జిల్లాలో ప్రతిభ గల పిల్లలు గుర్తుకొస్తారు. ఉపకారవేతనానికి ఎంపికైన విద్యార్థికి ఏడాదికి 12,000 రూపాయలు అందుతాయి, సంతోషం. మరి ఆ పిల్లలకు పాఠం చెప్పే గురువుకు అందుతున్న తర్ఫీదు ఏమిటి?

లెక్క అందరికంటే ముందే ముగించి పక్కవారిని కదిలించే పిల్లకు అల్లరిదని పేరు పెట్టడం తేలిక. మందస, మెళియాపుట్టి కొండ గ్రామాల్లో ఇంట సవర మాట్లాడే పిల్లవాడి తెలివి తెలుగు ప్రశ్నపత్రంలో కనబడకపోవచ్చు. మార్కులతోనే ప్రతిభను తేల్చడం అన్యాయం. ఇలాంటి పిల్లలను గుర్తించడం, అదే తరగతిలో వారికి లోతైన పని ఇవ్వడం నేర్చుకోవలసిన విద్య.

ఉపాధ్యాయులకు ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. బి.ఎడ్.లో ప్రతిభావంతుల బోధనను ప్రత్యేకాంశంగా పెట్టవచ్చనీ అన్నది. ఆ గంటల్లో కొన్నింటిని దీనికి కేటాయించి, వమరవల్లిలోని జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్)లో తరగతులు నడపాలని విద్యాశాఖను కోరుతున్నాను. ఏకోపాధ్యాయ పాఠశాలల వారు హాజరయ్యేలా ఆ రోజుల్లో బదులు ఉపాధ్యాయులనూ పంపాలి.

— ఒక ఉపాధ్యాయిని, శ్రీకాకుళం