మన సంఘం వార్షిక నివేదిక: బండి మనుషుల మాటలు

సభ్యులందరికీ నమస్కారం. మన కావలి సంఘం ఉద్దేశాలు మీకు తెలిసినవే, నేరుగా పనుల్లోకి వస్తాను. కార్మికుల పిల్లలకు నోటు పుస్తకాలు పంచాం, ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రం నడిపాం. అన్నిటికంటే గర్వంగా చెప్పుకోవాల్సింది సంక్రాంతి తర్వాత జరిపిన సభ. లారీ, బస్సు, రైలు, పడవ పనివాళ్లు పనిలో వాడే మాటలను వాళ్ల నోటే చెప్పించి రాసుకున్నాం.

బిట్రగుంట లోకోషెడ్డులో ఆవిరి ఇంజిన్ల మీద బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేసిన పెద్దాయన 'లైన్ క్లియర్' గురించి చెప్పారు. పక్క స్టేషన్ ఒప్పుకుంటేనే బండి కదలాలి. అప్పట్లో సింగిల్ లైన్ మీద ఆ అనుమతికి గుర్తు ఒక ఇనుప గుండు. పెద్ద రింగుకు కట్టిన తోలు సంచిలో దాన్ని పెట్టి స్టేషన్ వాళ్లు కిందనుంచి ఎత్తి పట్టుకునేవారు. పరుగెత్తే ఇంజిన్‌లోంచి చెయ్యి చాచి అందుకోవాలి. ఆయన కుర్చీలోంచి లేచి, మోచెయ్యి వంచి మరీ చూపించారు. ఇప్పుడు పెళ్లి సంబంధానికి పెద్దలు సరేనన్నా మనం 'లైన్ క్లియర్' అనేస్తున్నాం.

లారీ వాళ్ల 'స్టెప్నీ' అసలు ఒక వీధి పేరు. తొలినాళ్ల కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. వేల్స్‌లోని లనెల్లి ఊళ్లో, స్టెప్నీ స్ట్రీట్‌లో డేవిస్ సోదరులు 1904లో దాన్ని తయారుచేసి అమ్మారు. కండక్టర్ల 'హోల్డాన్' ఇంగ్లిషు 'హోల్డ్ ఆన్' నుంచే వచ్చింది. బస్సు ఆపడానికి అది, కదలడానికి 'రైట్ రైట్'. బకింగ్‌హాం కాలవ పడవల కాలం నాటి 'సరంగు' పారశీకపు 'సర్‌హంగ్'. అక్కడ దళనాయకుడు, ఇక్కడ పడవ నడిపించే పెద్ద. ఇది విని సముద్రపు ఒడ్డు ఊరు తుమ్మలపెంట నుంచి వచ్చినవాళ్లు ఎంతో సంతోషించారు.

హాలు ఇచ్చినవారికి, టీ ఖర్చు పెట్టుకున్న టైర్ల షాపు అన్నకు, భోజనాలు వండిపెట్టిన అక్కచెల్లెళ్లకు, మైకు తెచ్చిన తమ్ముడికి పేరుపేరునా కృతజ్ఞతలు.

ఒక మాట బాధతోనే రాస్తున్నాను. మాటలు రాసిపెడతామని చేతులెత్తిన కుర్రాళ్లలో ఎక్కువమంది ఆ రోజు రాలేదు. ఫోన్లూ ఎత్తలేదు. నలుగురు పెద్దలు చెబుతుంటే రాసే చెయ్యి ఒక్కటే అయింది, సగం మాటలు గాలికి పోయాయి. అనుమతి కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. చేతికందేసరికి సభ రేపనగా ఉంది.

లెక్కలు సరిచూయించాం, ప్రతులు కోశాధికారి దగ్గర ఉన్నాయి.

ఈసారి ఆటో, టిప్పర్ డ్రైవర్ల దగ్గరకు వెళ్దాం. రాయడానికి నిజంగా వచ్చేవాళ్లే ఈ సమావేశం ముగిసేలోపు పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి